నేను మునగని నీళ్ళు

నాకు ఇరవయ్యేళ్ళు వచ్చేదాకా నేనెవరినో నాకు బాగా తెలుసు. ఎదుటివాళ్ళకే తెలిసేది కాదు.

మా అమ్మ గుంటూరు దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సు. నన్ను కన్న తండ్రి అదే ఆసుపత్రిలో కాంపౌండరు. నాకు రెండేళ్ళు నిండకముందే కామెర్లతో పోయాడు. అమెరికాలో నర్సులు కావాలని కబురొచ్చినప్పుడు అమ్మ నన్ను చంకనేసుకుని డెట్రాయిట్ వచ్చింది. అక్కడ ఆమె వార్డులో కాలు విరిగి ఆరువారాలు మంచం మీదున్న ఒక ఇంజనీరు ఉండేవాడు. కార్ల కంపెనీలో బ్రేకులు డిజైన్ చేసేవాడు. నలభై దాటినా పెళ్ళికాలేదు. కాలు బాగయ్యాక కూడా ఆయన వారానికో కొత్త నొప్పి చెప్పుకుని ఆసుపత్రికి వచ్చేవాడట. నాకు ఐదేళ్ళప్పుడు వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకున్నారు. నేను నాన్నా అని పిలిచింది ఆయన్నే. ఆయనకు వచ్చిన తెలుగు నాలుగే మాటలు: తిన్నావా, చాలు, పద, అమ్మో. ఆ నాలుగింటితోనే నాతో చాలా సంగతులు మాట్లాడేవాడు.

నాన్న యూదుడు. పెళ్ళికి ముందు అమ్మ కూడా యూదు మతం పుచ్చుకుంది. అది సంతకంతో అయిపోయే పని కాదు. ఏడాదిపాటు చదువుకోవాలి. ముగ్గురు పెద్దల ముందు కూర్చుని అడిగినవాటికి జవాబు చెప్పాలి. చివరికి అందుకోసమే కట్టిన ఒక చిన్న కొలనులోకి మెట్లు దిగి, తల పూర్తిగా నీళ్ళలోకి పోయేలా మూడుసార్లు మునగాలి. పైకి వచ్చాక ఇక వాళ్ళు యూదులే. పుట్టుకతో అయినవాళ్ళకూ వీళ్ళకూ తేడా లేదు. ఆ తేడా ఎత్తిచూపడం తప్పని కూడా వాళ్ళ ధర్మం చెబుతుంది. అయితే తల్లి మునిగినంతమాత్రాన అప్పటికే పుట్టిన బిడ్డకు అది చెల్లదు. బిడ్డను విడిగా ముంచాలి.

నాకు ఏడేళ్ళప్పుడు ఒక ఆదివారం, ప్రార్థనా మందిరంలో పిల్లలకు చెప్పే హీబ్రూ క్లాసు నుంచి ఏడుస్తూ ఇంటికి వచ్చాను. నా పక్కన కూర్చునే పిల్ల "నువ్వు యూదు అమ్మాయివి కావు, నువ్వు ఇండియన్‌వి, నీ ఈకల టోపీ ఏది?" అంది. ఆ పిల్లకు ఇండియన్ అంటే రెడ్ ఇండియనే. అమ్మ వంటగదిలో ఉంది. కొంగుతో నా మొహం తుడిచింది. అప్పటికి ఇంట్లో మాత్రం చీరలే కట్టేది.

"నువ్వు కూడా మునిగావమ్మలూ," అంది. "ముక్కు మూసుకుని మూడుసార్లు. మూడోసారి ఏడ్చావు. నీకు గుర్తులేదా?"

గుర్తుందన్నాను. నిజంగానే గుర్తుంది. ఆకుపచ్చ పలకలు, నీళ్ళలోకి దిగే మెట్లు, తడిసిన అమ్మ జుట్టు, ఎవరో ముసలావిడ చేతిలో పెద్ద తెల్లటి తువ్వాలు. అంతే చాలింది నాకు. మరుసటి ఆదివారం ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి గట్టిగా చెప్పాను: "నేను మూడుసార్లు మునిగాను. నువ్వేం చేశావు? ఊరికే పుట్టావు." ఆ పిల్ల నోరు మూతబడింది. అప్పటినుంచి ఆ మాట నా జేబులో ఉండేది. ఎక్కడ అవసరమైతే అక్కడ తీసేదాన్ని.

అవసరం తరచుగానే వచ్చేది. నాది అమ్మ రంగు, అమ్మ ముక్కు, అమ్మ జడ. నాన్నకు ఎర్రటి బుగ్గలు, మచ్చల చేతులు. మేమిద్దరం కలిసి వెళితే షాపులో అమ్మాయి ఇద్దరికీ వేరువేరుగా బిల్లు వేసేది. డెబ్బైతొమ్మిది చివర్లో ఇరాన్‌లో అమెరికా వాళ్ళను బందీలుగా పట్టుకున్నప్పుడు స్కూల్ బస్సులో నేను ఇరాన్ దాన్నయ్యాను. "మీవాళ్ళతో చెప్పు, మావాళ్ళను వదలమని," అంటూ వెనక సీటువాళ్ళు నా టోపీ లాక్కుని మంచులోకి విసిరేవాళ్ళు. నేను యూదుదాన్నని చెబితే బస్సంతా నవ్వింది. అదో జోకనుకున్నారు.

ఆ చలికాలమే మా మందిరంవాళ్ళు కంబోడియా నుంచి పారిపోయి వచ్చిన ఒక కుటుంబాన్ని తెచ్చి ఆదుకోవాలని తలపెట్టారు. ముందు హాల్లో బల్లలు వేసి పాత కోట్లు, బూట్లు, దుప్పట్లు పోగుచేశారు. నాకప్పుడు పన్నెండేళ్ళు. పదమూడో ఏట చేసే వేడుక కోసం గురువారాలు సాయంత్రం ప్రత్యేకంగా పాఠానికి వెళ్ళేదాన్ని. ఆ వేడుకలో అందరి ముందూ ధర్మశాస్త్రపు చుట్టలోంచి రాగంతో చదవాలి. ఒక గురువారం పాఠం అయ్యాక నాన్న కారు కోసం హాల్లో నిలబడ్డాను. కోట్లు సర్దుతున్న ఒకావిడ నన్ను చూసి గబగబా వచ్చింది. ఒక నీలం కోటు నా భుజాల మీద కప్పింది. గుండీలు పెడుతూ, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు ఒక్కో మాటా సాగదీసి, "వెచ్చగా. ఉందా? మంచి. కోటు. నీదే," అంది.

ఆవిడ కొడుకు నా క్లాసులోనే ఉన్నాడు. నాలుగేళ్ళుగా ప్రతి శనివారం మా వెనక వరసలో కూర్చునే మనిషి.

"ఆంటీ, నేను మీ అబ్బాయి క్లాస్‌మేట్‌ని. నాకు కోటుంది," అన్నాను ఇంగ్లీషులో. ఆంటీ అనడం అమ్మ అలవాటు చేసింది. అక్కడ ఎవరూ అలా పిలవరు. ఆవిడ ఒక క్షణం నా మొహంలోకి చూసి, "అయ్యో, ఇంగ్లీష్ ఎంత బాగా నేర్చుకున్నావు!" అంది.

దారిలో చెబితే నాన్న నవ్వాపుకోలేక కారాపాడు. నాకూ నవ్వొచ్చింది. నా దగ్గర ఆ మూడు మునకలున్నాయి గదా, ఇక ఎవరేమంటే ఏమిటి? కాని ఇంటికొచ్చి చెబితే అమ్మ నవ్వలేదు. స్టవ్ వైపు తిరిగి, "ఆ కోటు తీసుకోవలసింది, పాపం ఆమె మనసు నొచ్చుకునేది కాదు," అంది. అమ్మ ఎందుకలా అందో అప్పుడు ఆలోచించలేదు.

తెలుగువాళ్ళ దగ్గరా నా పని అంతే. అప్పట్లో డెట్రాయిట్ చుట్టుపక్కల మనవాళ్ళు తక్కువ. దగ్గర్లోనే ఉన్న నోవై అనే ఊళ్ళో ఒకరింట్లో నెలకోసారి భోజనాలకు కలిసేవాళ్ళు. అక్కడ ఒక ఆంటీ నా మెళ్ళో ఆరుకోణాల నక్షత్రం చూసి, "ఇదేవిటే, కొత్త ఫ్యాషనా?" అనడిగింది. యూదులమని చెప్పాను. ఆవిడ అమ్మ వైపు తిరిగి, "మీది గుంటూరు గదండీ? యూదులెక్కడినించి వచ్చారు మధ్యలో?" అంది. అమ్మ, "మా ఆయన తరఫు," అని వేరే మాటలోకి వెళ్ళిపోయింది. నేను ఊరుకోకుండా, "అమ్మ తరఫు కూడా, నా తరఫు కూడా," అన్నాను. అమ్మ నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తే. పిల్ల పెద్దవాళ్ళ మధ్య మాట్లాడినందుకు కోపమనుకున్నాను.

తెలుగు చదవడం నాకు అమ్మే నేర్పింది. అలమరలో ఉన్ని దుప్పట్ల కింద ఆమె తెచ్చుకున్న తెలుగు బైబిలు గ్రంథం ఉండేది. అందులోంచి కీర్తనలు మాత్రమే చదివించేది. "ఇవి యూదుల పాటలేగా, మనవే," అనేది. కొండలతట్టు కన్నులెత్తే పాట నేను హీబ్రూలో ఒక రాగంతో, తెలుగులో అమ్మ రాగంతో పాడగలిగేదాన్ని. రెండు రాగాలూ నావే అనుకున్నాను.

వేడుక వసంతంలో జరిగింది. నేనొక్క అక్షరం తప్పకుండా చదివాను. నాన్న వేళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు. అమ్మ మొదటి వరసలో ముదురాకుపచ్చ పట్టుచీర కట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా ఏడుస్తూనే ఉంది. అందరూ ఆమె చుట్టూ చేరి అభినందించారు. కోటు ఇచ్చినావిడ కూడా వచ్చి నన్ను కావలించుకుంది. ఈసారి నన్ను గుర్తుపట్టింది. ఆ రోజంత నిండుగా నేనెప్పుడూ లేను.

తర్వాత ఆన్ ఆర్బర్‌లో యూనివర్సిటీకి చదువుకోవడానికి వెళ్ళాను. అక్కడ మొదటి ఏడాదిలోనే ఒకబ్బాయి పరిచయమయ్యాడు. లా చదువుతున్నాడు. నన్ను చూసిన మొదటిరోజే నువ్వెక్కడిదానివి అని అడగని మొదటి మనిషి. శుక్రవారం సాయంత్రం యూదు విద్యార్థుల భోజనంలో నేను దీవెన పాడుతుంటే వచ్చి పక్కన కూర్చుని, "నువ్వు రెండో పాదం మా తాతలాగే తప్పుగా పాడతావు," అన్నాడు. అంతే. ఏడాదిన్నర తిరిగేసరికి పెళ్ళి మాట వచ్చింది.

వాళ్ళింటివాళ్ళు మాకన్నా నిష్ఠ గలవాళ్ళు. మొదటిసారి భోజనానికి వెళ్ళినప్పుడు వాళ్ళమ్మ మర్యాదగా వడ్డిస్తూ, "మీ అమ్మా నాన్నా నిన్ను ఏ దేశం నుంచి తెచ్చుకున్నారు?" అని అడిగింది.

"పెంచుకోలేదండీ. మా అమ్మకు పుట్టాను. ఆమె ఇండియా నుంచి వచ్చి మతం పుచ్చుకుంది. నేను కూడా, నాకు ఐదేళ్ళప్పుడు."

"అలాగా," అంది. తర్వాత కొడుకుతో, అన్నీ సవ్యంగానే ఉండి ఉంటాయి గాని మన రబ్బీ ఒక్క లెటర్ అడుగుతాడు, మునక వేయించినచోట రాసి ఉంటుంది, తెచ్చేయమను, అని చెప్పిందట. రబ్బీ అంటే వాళ్ళ మతగురువు. నాకు కోపం రాలేదు. సంతోషమే కలిగింది. పన్నెండేళ్ళ నుంచి నోటితో చెబుతున్నదాన్ని ఒక్కసారి కాగితం మీద చూపిస్తే పోతుంది గదా.

ఎనభై ఏడు నవంబరులో ఒక బుధవారం పొద్దున, క్లాసు మానేసి, ఆ కొలనున్న చోటికి డ్రైవ్ చేశాను. బయట నుంచి చూస్తే పళ్ళడాక్టరు ఆఫీసులా ఉంటుంది. లోపల అవే ఆకుపచ్చ పలకలు. వాటిని చూసి నాకు ఏడుపొచ్చినంత పనయింది. తువ్వాళ్ళు మడతపెడుతున్న ముసలావిడ కూడా ఆమే. పోలండ్ నుంచి యుద్ధం తర్వాత వచ్చిన మనిషి. మాటలో ఆ యాస ఇంకా పోలేదు. నేను అమ్మ పేరు, సంవత్సరం చెప్పాను. ఆమె బీరువాలోంచి లావుపాటి రిజిస్టరు తీసి, కళ్ళజోడు పెట్టుకుని, వేలితో గీతలవెంట కిందికి వచ్చింది.

"ఇదిగో మీ అమ్మ," అంది.

"దానికింద నేను."

"కింద ఇంకెవరో. వారం తర్వాత."

"ఇంకోసారి చూడండి. ఆ రోజే. ఇద్దరం కలిసి."

ఆమె రిజిస్టరు నా వైపు తిప్పింది. ఆ పేజీ చూశాను. ముందు పేజీ చూశాను. ఆ ఏడాదంతా, పై ఏడాదంతా చూశాను. ఆమె నన్ను ఆపలేదు. నేను చూడటం అయ్యాక కళ్ళజోడు తీసి, నా మొహం పరీక్షగా చూసింది.

"ఎర్ర స్వెట్టరు పిల్లవు నువ్వేనా? ఆ బెంచీ మీద కూర్చున్నావు," అంది. "నిన్ను కూడా ముంచాలనే అనుకున్నారు. బయట ముగ్గురు పెద్దలూ దానికోసం ఆగారు. మీ అమ్మ, పిల్లకు జ్వరం, వచ్చే నెల తీసుకొస్తానంది. నేను నీ నుదురు ముట్టుకుని చూశాను. జ్వరం లేదు. కాని తల్లి మాట నేనెలా కాదంటాను?"

నేనా బెంచీ వైపు చూశాను. అక్కడి నుంచి చూస్తే మెట్లు, నీళ్ళు, పైకి వస్తున్న మనిషి తల కనబడతాయి. నాకు గుర్తున్నదంతా అక్కడి నుంచి కనబడేదే. నా ఒంటికి తడి తగిలినట్టు గాని, ముక్కులోకి నీళ్ళు పోయినట్టు గాని నా జ్ఞాపకంలో ఎక్కడా లేదు. ఇన్నేళ్ళలో ఆ సంగతి నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

అక్కడి నుంచి ఇంటికి నలభై నిమిషాలు. ఎలా డ్రైవ్ చేశానో తెలియదు. అమ్మకు ఆ రోజు సెలవు. టేబుల్ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నన్ను చూసి లేచింది.

"ఈ టైంలో వచ్చావేం? ఒంట్లో బాలేదా?"

"జ్వరమమ్మా," అన్నాను. "ఐదేళ్ళప్పుడొచ్చిన జ్వరం."

ఆమె మళ్ళీ కూర్చుంది. అర్థం కానట్టు నటించలేదు. అందుకు మాత్రం ఆమెకు ఈనాటికీ మార్కులు వేస్తాను. కాయలు పక్కకు నెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఎవరు చెప్పారు?"

"రిజిస్టరు చెప్పింది. నువ్వెందుకు చెప్పలేదు?"

ఒళ్ళోని చేతుల వైపు చూసుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది. నన్ను కన్న తండ్రి పోయే ముందురోజు కళ్ళు పచ్చగా ఉండి, మాట పడిపోతూ ఉండి, నా తల మీద చెయ్యి పెట్టాడట. నాకు మూడోనెలలో మా తాత, చర్చిలో బోధకుడు, తన చేత్తో బాప్తిస్మమిచ్చిన చోటే ఆ చెయ్యి పెట్టాడట. "పిల్లను ఆయన దగ్గరే ఉంచు," అన్నాడట. దేవుడి దగ్గర అని.

"నన్ను నేను ఎవరికైనా ఇచ్చుకోగలను," అంది అమ్మ. "మీ నాన్న మంచోడు, ఆయన దేవుడూ నేను చిన్నప్పట్నించి చదువుకున్న దేవుడే. నేను దిగాను. మునిగాను. మనస్ఫూర్తిగానే మునిగాను. పైకి వచ్చి నిన్ను చూశాను, ఎర్ర స్వెట్టర్లో. ఆ నీళ్ళు నీ నెత్తిమీద పోస్తే ఆయన చెయ్యి కడిగేసినట్టనిపించింది. నిన్ను ఇచ్చెయ్యడానికి నేనెవర్ని?"

"అయితే మునిగానని ఎందుకు చెప్పావు?"

"నువ్వేడుస్తూ వచ్చావు. ఏడేళ్ళ పిల్లవి. నీ ఏడుపు ఆగితే చాలనిపించింది."

"తర్వాత? పదమూడేళ్ళప్పుడు? ఆ చుట్ట ముందు నిలబెట్టావు. నాలుగొందలమంది ముందు. నువ్వక్కడ కూర్చుని ఏడ్చావు."

"చెబుదామని ప్రతి గురువారం అనుకున్నాను. నువ్వు ఇంటికొచ్చి పాట పాడుతుంటే నోరు రాలేదు. కొత్తగా వచ్చిన రబ్బీ అడిగాడు, పిల్లకు కూడా అయిందా అని. తలాడించాను."

"అంటే ఆ బస్సులో పిల్లలు కరెక్ట్. ఆ కోటావిడ కరెక్ట్. వాళ్ళందరూ నా మొహం చూసి కాదన్నారు. నా వెనక నువ్వున్నావనుకుని నేను వాళ్ళతో కొట్లాడాను. నువ్వు వాళ్ళ పక్కన ఉన్నావు."

"ఆ మాట అనకు."

"ఏది కాదు అందులో?"

అప్పుడే నాన్న ఇంటికి వచ్చాడు. ఆ ఏడాది ప్లాంటులో సగంమందిని తీసేసి, మిగిలినవాళ్ళను త్వరగా పంపించేవారు. మా ఇద్దరి మొహాలూ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. నేను ఇంగ్లీషులో చెప్పాను. విని అమ్మ వైపు తిరిగాడు.

"తర్వాత నెల తీసుకెళ్ళానన్నావు. నేను ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే, అయిపోయింది, ఐస్‌క్రీం కూడా కొనిపెట్టానని చెప్పావు."

అమ్మ టేబుల్ మీది ఈనెలు ఒక్కొక్కటే పోగుచేయసాగింది. పదిహేనేళ్ళు ఆయన పక్కనే పడుకున్న మనిషి. నాన్న కోటు విప్పకుండానే వెనక్కి వెళ్ళి, కారు అద్దం మీద మంచు గీకుతూ నిలబడ్డాడు. ఇంటికొచ్చిన కారు, ఎక్కడికీ వెళ్ళేది లేదు. కాసేపటికి లోపలికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు నా కూతురివి. నీకూ నాకూ కాగితం ఎందుకు?" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. నాకు మాత్రం అది కూడా చేదుగా తగిలింది. కాగితం ఎందుకని అడగగలిగేది, ఎప్పుడూ ఎవరూ కాగితం అడగనివాడే.

అబ్బాయికి ఆ వారాంతంలో చెప్పాను. కారులో కూర్చుని ఉన్నాం. అంతా విని, నా చెయ్యి నొక్కి, "ఇదేం పెద్ద ప్రాబ్లమ్ కాదు," అన్నాడు. నాకు ఊపిరి వచ్చినట్టయింది. అప్పుడన్నాడు: "వెళ్ళి ఇప్పుడు మునిగేయ్, అరగంట పని. కాని మా అమ్మకు చెప్పొద్దు. పెళ్ళి కోసం మతం మారితే మా రబ్బీ ఒప్పుకోడు, ఏళ్ళు పడుతుంది. పాత రికార్డు పోయిందని చెబుదాం. మీ పాత రబ్బీ ఫ్లోరిడా వెళ్ళిపోయాడన్నావుగా. ఎవరు చూడొచ్చారు?"

"అబద్ధం చెబుదామా?"

"అబద్ధమేముంది? నువ్వు చిన్నప్పటినుంచి యూదులాగే బతికావు. జనాలకు నీ గురించి ముందే డౌట్స్ ఉంటాయి. కొత్తగా ఇంకోటి ఎందుకు ఇవ్వడం?"

ముందే డౌట్స్ ఉంటాయి. ఏడాదిన్నరలో అతని నోట ఆ మాట మొదటిసారి విన్నాను. నువ్వెక్కడిదానివని అతను నన్ను అడగలేదు నిజమే. ఆ ప్రశ్న అతనిలో లేక కాదు, మర్యాద కొద్దీ లోపల పెట్టుకున్నాడని అప్పుడు తెలిసింది.

"మా ఇంట్లో ఇప్పటికే ఒక అబద్ధం ఉంది," అన్నాను. "దాన్ని మీ ఇంటికి కూడా తెచ్చుకోలేను."

అతను చెడ్డవాడు కాదు. నెలరోజులు ఫోన్ చేశాడు. నేను మాట్లాడాను కూడా. కాని ప్రతిసారీ మాట ఆ లెటర్ దగ్గరికే వచ్చి ఆగేది. జనవరిలో ఫోన్లు ఆగిపోయాయి. రెండేళ్ళకు అతని పెళ్ళయిందని విన్నాను.

నేను మా మందిరంలో రబ్బీ దగ్గరికి వెళ్ళాను. నా వేడుక జరిపించినాయనే. విని కుర్చీలో వెనక్కి వాలాడు. "మీ అమ్మ మాట నమ్మాను. ఇంకో పిల్లయితే కాగితం అడిగేవాణ్ణి. నిన్ను అడిగితే రంగు చూసి అడిగాడనుకుంటారని భయపడ్డాను," అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకళ్ళు రంగు చూసి అడిగారు, ఇంకొకళ్ళు రంగు చూసి అడగలేదు. ఇద్దరి వల్లా నాకు ఒరిగింది ఒకటే.

"మా అమ్మ సంగతేమిటి? ఆమె యూదా కాదా?" అనడిగాను.

"ఆమె మునిగింది. ఆమెకు ఏ లోటూ లేదు," అన్నాడు.

అదీ అసలు దెబ్బ. మా ఇంట్లో దుప్పట్ల కింద తెలుగు గ్రంథం దాచుకున్న మనిషి యూదు. పదమూడేళ్ళకు చుట్ట చదివిన నేను కాదు.

ఆయన దగ్గర ఏడాదిపైన చదువుకున్నాను. తెలిసిన పాఠాలే తెలియనట్టు మళ్ళీ మొదటి నుంచి. నా పక్కన పెళ్ళి కోసం మతం మారుతున్న ఇద్దరు తెల్లమ్మాయిలు కూర్చునేవాళ్ళు. నాకు అన్ని జవాబులూ ముందే తెలిస్తే వాళ్ళు వింతగా చూసేవాళ్ళు. మానేద్దామని చాలాసార్లు అనిపించింది. నన్ను అడగకుండా ఒకళ్ళు నీళ్ళ దగ్గరికి తెచ్చారు, అడగకుండానే వెనక్కి తీసుకెళ్ళారు. ఇక నాకేది కావాలో నేనే తేల్చుకోవాలి. ఒకసారి కోపంతో ఒక ఆదివారం డెట్రాయిట్‌లో తెలుగు క్రైస్తవులు ఎవరింట్లోనో చేసుకునే ప్రార్థనకు కూడా వెళ్ళి కూర్చున్నాను. మా తాత ఇచ్చినది నాలో ఏమైనా మిగిలి ఉంటుందేమో చూద్దామని. అక్కడివాళ్ళు ఆదరంగా పలకరించారు, పులిహోర పెట్టారు. కీర్తన ఎత్తుకోగానే మాటలన్నీ నాకు నోటికి వచ్చాయి. తీరా పాడుతుంటే లోపల హీబ్రూ మాటలే కదిలాయి. బయటికి వచ్చి కారులో కూర్చున్నాక నిర్ణయం అయిపోయింది.

ఎనభై తొమ్మిది మే నెలలో ఒక మంగళవారం మధ్యాహ్నం మునిగాను. అమ్మకు చెప్పలేదు. నాన్న పర్మిషన్ పెట్టి వచ్చి బయట కూర్చున్నాడు. ముసలావిడ నా గోళ్ళు, జుట్టు చూసి, మెట్ల దగ్గర నిలబడింది. ఓరగా తీసిన తలుపు అవతల నుంచి ముగ్గురు పెద్దల్లో ఒకాయన, "ఎందుకు కావాలనుకుంటున్నావు?" అని అడిగాడు. చదివినవన్నీ మరిచిపోయాను. "ఇక్కడే పెరిగాను," అన్నాను. అంతకన్నా మాట రాలేదు. వాళ్ళకు సరిపోయింది.

నీళ్ళు ముక్కులోకి పోయాయి. చెవుల్లో ఒత్తిడి. మూడోసారి పైకి వచ్చాక దగ్గు వచ్చింది. నేను ఎదురుచూసిన ఆనందమేదీ రాలేదు. నాకు అనిపించింది ఒక్కటే: ఇది ఎప్పుడో జరిగిపోయిందని నమ్మి పన్నెండేళ్ళు బతికాను, ఇది ఇలా ఉంటుందని కూడా తెలియదు నాకు.

బయట నాన్న నా తడిజుట్టు చూసి ఏమనాలో తెలియక, "తిన్నావా?" అన్నాడు. ఇద్దరం వెళ్ళి శాండ్‌విచ్‌లు తిన్నాం. దారిలో ఆయన, "అమ్మకు చెప్పనా?" అనడిగాడు. "నీ ఇష్టం," అన్నాను. చెప్పాడు. ఏమందని నేనడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ వేసవిలో నాన్న పుట్టినరోజుకు ఇంటికి వెళ్ళాను. అప్పటికి ఏడాదిన్నరగా అమ్మా నేనూ ఫోన్లో వాతావరణం గురించి తప్ప మాట్లాడుకోలేదు. శుక్రవారం. యూదుల విశ్రాంతిదినం మొదలయ్యే ఆ సాయంకాలం అమ్మ ఎప్పటిలాగే రెండు కొవ్వొత్తులు వెలిగించి, చేతులు మూడుసార్లు తన వైపు తిప్పి, కళ్ళు మూసుకుంది. ఆమె దీవెన ఉచ్చారణలో గుంటూరు అలాగే ఉంది. భోజనం అయ్యాక గిన్నెలు తుడుస్తూ, నా వైపు చూడకుండా అడిగింది.

"నామీద కోపం పోయిందా?"

"పోలేదమ్మా."

"పోదా?"

"తెలీదు. నువ్వెందుకు చేశావో అర్థమైంది. అర్థమైతే పోతుందనుకున్నాను. పోలేదు."

"సరే," అంది. ఇంకో గిన్నె అందుకుంది. "ఉండనీ. కాని ఇంటికి వస్తూ ఉండు."

వస్తూనే ఉన్నాను, ఆమె పోయేదాకా. ఆమెను యూదుల శ్మశానంలోనే, ఆమె కోరినట్టే, నాన్న కోసం ఉంచిన చోటు పక్కన పెట్టాం. నా మతం గురించి ఇప్పుడు ఎవరైనా అడిగితే ఔనంటాను. మునకల సంగతి మాత్రం ఎవరికీ చెప్పను.